పచ్చిపులుసుకు కట్టిన కోడె

మా అవ్వ, అంటే మా అమ్మ కిష్టవ్వ, వేములవాడ రాజన్నకు మొక్కిన మొక్కులో ఒక చిక్కుంది. నా కొడుక్కు నయమైతే కోడెను నీ గుడి చుట్టూ తిప్పి కడతానని మొక్కింది. కాలు విరిగినవాడికి నయమైందో లేదో వాడి నడక చెబుతుంది. జ్వరం వచ్చినవాడికి ఒళ్లు పట్టి చూస్తే తెలుస్తుంది. నా జబ్బుకు అలా చూసి చెప్పే గుర్తేమీ లేదు.

మాది సిరిసిల్ల. నేను సాంచాలు నడుపుతాను, మరమగ్గాలను మావాళ్లు అలాగే అంటారు. చదువుకునే రోజుల నుంచే ఈ జబ్బు నాతో ఉంది. కాకపోతే అది జబ్బని ఎవరికీ తెలియదు, నా గుణమే అంత అనుకున్నారు. నేను పని మానలేదు, తాగలేదు, ఎవరితోనూ పోట్లాడలేదు. పొద్దున కళ్లు తెరవగానే, మళ్లీ తెల్లారిందా అని దిగులుగా ఉండేది. పెళ్లికి పోయినా చావుకు పోయినా నాది ఒకటే మొహం. ఒకసారి పెళ్లి పందిట్లో మా మేనమామ నన్ను చూసి, ఎవరు పోయారురా అని కంగారుగా అడిగాడు. సాంచాల చప్పుడులో ఎవరి మొహం ఎవరూ పట్టించుకోరు కనుక కార్ఖానాలో మాత్రం నాకు హాయిగా ఉండేది.

కనిపెట్టింది నా భార్య కోమల. తలెత్తకుండా బీడీలు చుడుతుంది గానీ ఆమె కంటికి తప్పేది ఏదీ లేదు.

"నువ్వు ఇంట్లనే ఉంటవ్ గని, ఉన్నట్టుండదు," అంది ఒకరోజు. ఆ వారమే నన్ను బస్సెక్కించి కరీంనగర్‌లో మనసు డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆయన చాలాసేపు మాట్లాడించి, ఇది డిప్రెషనేనని, మనిషిని మంచాన పడెయ్యకుండా ఏళ్ల తరబడి సన్నగా నడిచే రకమని చెప్పాడు. రోజూ గోలీ వేసుకోమన్నాడు, అప్పుడప్పుడు వచ్చి మాట్లాడిపొమ్మన్నాడు, నిదానంగా తగ్గుతుందన్నాడు. నీ అంతట నువ్వు మానెయ్యొద్దని గట్టిగా చెప్పాడు.

అవ్వకు ఆ గోలీలంటే మొదటి నుంచీ గిట్టదు. వాటిని పిచ్చిగోలీలంటుంది. అయినా ఆమె మొక్కును నేను తేలిగ్గా తీసిపారెయ్యలేను. ఆ ఏడాదే మా వెనక వాడలో నా ఈడు నేతగాడు ఒకడు ఉరేసుకున్నాడు. ఆ ఇంటి నుంచి వచ్చిన అవ్వ గడపలోనే నిలబడి, అన్నం ముందు దిక్కులు చూస్తూ కూర్చున్న నన్ను చూసి, అక్కడికక్కడే చేతులెత్తి మొక్కింది. అవ్వ మీద నాకు కోపం వస్తూనే ఉంటుంది. ఆ చేతులు గుర్తొస్తే మాత్రం నోరు పెగలదు.

గోలీలు మెల్లగా పనిచేశాయి. మధ్యలో ఒకసారి, బాగానే ఉన్నాను కదా అని నేనే మానేసి చూశాను. ఆ వానాకాలం సాంచాల దగ్గర నుంచి మంచం మీదికి, మంచం మీద నుంచి సాంచాల దగ్గరికి ఈడ్చుకుంటూ తిరిగాను. మా పాప హర్షిణి బాపూ అని పిలిస్తే జవాబు చెప్పడానికి కూడా ఓపిక కూడదీసుకోవాల్సి వచ్చింది. ఆ రోజులు మళ్లీ వస్తాయేమోనని నాకు ఇప్పటికీ భయం.

ఈ మధ్య నేను చాయ్ కొట్టు దగ్గర ఎవరితోనో పరాచికాలాడటం అవ్వ చూసింది. ఇంకేముంది, నాకు నయమైపోయిందని తీర్మానించి చుట్టాలందరికీ ఫోన్లు చేసింది. సోమవారం వేములవాడ ప్రయాణం కట్టింది. కోడెను కట్టామంటే దేవుడు తన పని ముగించినట్టు, ఆ తర్వాత కూడా గోలీ మింగితే దేవుణ్ని నమ్మనట్టు, ఇదీ ఆమె లెక్క. బస్సులో కోమల నా చెవిలో, గోలీ మానకూడదని నేను చెబితే కోడలు మొక్కుకు అడ్డం పడిందంటుంది, నువ్వే చెప్పాలంది. చెబుతానన్నాను గానీ గుడి దాకా నా నోట మాట రాలేదు.

చీటీ తీసుకుని, గుడివాళ్లిచ్చిన కోడె పలుపు చేతబట్టాక గుడి చుట్టూ నడక మొదలైంది. నాకు దొరికిన కోడె మహా మొండిది. నాలుగడుగులు వేసి ఆగుతుంది, బతిమాలితే కదులుతుంది. కోడెకూ నాకూ బాగానే జత కుదిరిందని కోమల నవ్వింది. సగం తిరిగామో లేదో, అవ్వ నా చేతిలోని పలుపు మీద తన చెయ్యి వేసింది.

"కోడెను కట్టినంక గోలీల జోలికి పోనని రాజన్న మీద ఒట్టువెట్టు కొడుకా."

ఇక దాటవేయడానికి దారి లేదు. "అవ్వా, నాకు నయం కాలే," అన్నాను.

అవ్వ ఆగిపోయింది. కోడె కూడా ఆగింది. వెనకవాళ్లు నడవండని కేకలేస్తుంటే కోమల మమ్మల్ని, కోడెను ఒక పక్కకు లాగింది. అవ్వ మొహంలో రక్తం లేదు. నన్ను చూస్తోంది గానీ, ఆమె కళ్లముందు ఆ వెనక వాడ ఇల్లే ఉందని నాకు తెలిసిపోయింది.

"నాకు సావాలని లేదవ్వా. గసొంటి ఆలోశన వస్తె ముందుగాల మీకే జెప్త. గోలీ ఉంటె నడుస్తున్న, ఇడిస్తె కూలవడ్త. గంతే."

నయం కాకుండా కోడెను కడితే దేవుడికి అబద్ధం చెప్పినట్టు కాదా అని అవ్వ ఏడ్చింది. కట్టకుండా తిరిగిపోతే ఆయనకు కోపం రాదా అని మళ్లీ ఏడ్చింది. అందరికీ చెప్పుకుంది కదా, ఆ సిగ్గు కూడా ఉంది. కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని, ఇన్నాళ్లు మింగితే మరి ఏం మారిందో చెప్పమంది.

చెప్పడానికి పెద్ద సంగతులు ఏవీ లేవు. వెతికితే ఒకటి దొరికింది.

"మొన్న నువ్వు జేసిన పచ్చిపులుసు రుచి తెలిసిందవ్వా. శానేండ్లకు."

"మల్లొక్కసారి వోసుకున్నవ్. నేను సూసిన," అంది అవ్వ.

ఆమె చూసిందని నాకు తెలియదు. ఇన్నేళ్లుగా ఏం పెట్టినా కిక్కురుమనకుండా తిని లేచే నన్ను, నా కంచాన్ని, రోజూ చూస్తూనే ఉందన్నమాట. నాకు కళ్లు చెమర్చాయి. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

అవ్వ పలుపు అందుకుంది. ఈసారి కోడె బతిమాలించుకోకుండానే కదిలింది. కట్టే చోట ముడి వేసి, అవ్వ గుడి వైపు తిరిగి అందరికీ వినబడేలా చెప్పింది.

"రాజన్నా, గీ కోడె పచ్చిపులుసుకు. నయమైనంక ఇంకోటి కడ్త. జర నిదానంగనే కానియ్యి, మాకు తొందర లేదు."

పక్కనున్న ఒకామె వింతగా చూసింది. కోమల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకైతే నవ్వు ఆగలేదు.

దర్శనం చేసుకుని బయటికొచ్చి మెట్ల పక్కన కూర్చున్నాం. అవ్వ నావైపు తిరిగి, "పొద్దుగాల గోలి యేసుకున్నవా?" అని అడిగింది. బస్సు తొందరలో వేసుకోలేదని, జేబులోనే ఉందని చెప్పాను. అవ్వ నన్ను నాలుగు తిట్టి, తన నీళ్లసీసా మూత తీసి నా చేతికిచ్చింది.