మెరుగు పెట్టిన చెయ్యి

బడిలో ప్రదర్శన దగ్గరపడిందంటే గేటుకు ఎదురుగా ఉన్న కొట్టులో నిలబడటానికి చోటుండదు. మామూలు రోజుల్లో అక్కడ పెన్నులు, అట్టలు, జిగురు సీసాలు అమ్ముతారు. ప్రదర్శన వారంలో మాత్రం అట్టతో చేసిన అగ్నిపర్వతాలు, బ్యాటరీతో తిరిగే గాలిమరలు అరల నిండా సిద్ధంగా ఉంటాయి. లోపలికి వచ్చిన తల్లిదండ్రులను కొట్టతను "ఏ తరగతి?" అని అడుగుతాడు, చెప్పుల సైజు అడిగినట్టు.

"తొమ్మిది. కొంచెం కష్టపడి చేసినట్టు కనపడాలి," అంటుంది ఒక తల్లి.

"అయితే గుండె తీసుకోండమ్మా. ఎర్రలైటు వెలుగుతుంది. మీవాడు ఏం చెప్పాలో కాగితం మీద రాసి వెనకాల అంటించేశాను."

ఆ తల్లిని తప్పుపట్టడం తేలిక. కానీ ఆమె ఆరాటమంతా కొడుకు చదువు పాడవకూడదనే. చేత్తో చేసేది చదువు కాదని ఆమెకు చెప్పినవాళ్ళే తప్ప, అదీ చదువేనని చెప్పినవాళ్ళు లేరు.

అదే బడిలో వరండా చివర ఒక పని గది ఉండేది. పొడవాటి బల్లలు, రంపాలు, ఉలులు, గోడకు ఆనించి నాలుగు కుర్చీలు. ఆ కుర్చీలు తల్లిదండ్రుల కోసం. పని నేర్పే మాస్టారు ప్రతి శనివారం వాళ్ళకు కబురు పెట్టేవాడు. "ఏమీ చెయ్యక్కర్లేదు. వచ్చి మీ పిల్లల పక్కన కాసేపు కూర్చోండి, చాలు." ఎవరూ వచ్చేవారు కాదు. పిల్లలు ఆ కుర్చీల మీద జిగురు పెట్టిన చెక్కలు ఆరబెట్టుకునేవారు.

ఆ ఏడు ప్రధానోపాధ్యాయిని మాస్టారును పిలిచి సంగతి చెప్పింది. "గది కావాలని పరీక్షలు రాసే పదో తరగతి వాళ్ళు అడుగుతున్నారు మాస్టారూ. ప్రదర్శనకు బడి కమిటీ వస్తుంది. పిల్లలు సొంతంగా చేసినది, నిజంగా పనిచేసేది ఒక్కటి చూపించండి. గది ఉంచమని నేనే అడుగుతాను. అదీ లేకపోతే నేను ఏ మొహం పెట్టుకుని అడగను?"

మాస్టారు దగ్గర అలాంటిది ఒక్కటే ఉంది. తొమ్మిదో తరగతి అమ్మాయి చేస్తున్న చెక్క చెయ్యి.

ఆ అమ్మాయి నానమ్మకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఎడమచెయ్యి వణుకుతుంది. మూడు పూటలా కోడలే తినిపించాలి. కోడలు పనికి వెళ్ళే లోపల తినెయ్యాలి, ఆకలి ఉన్నా లేకపోయినా. "చెయ్యి పడిపోయింది గానీ నాలుక పడిపోలేదు, సంతోషించండి," అంటుండేది ముసలావిడ. మనవరాలిని "మేస్త్రీ" అని పిలిచేది.

చెక్క చెయ్యి చూడటానికి ఏమంత బాగుండేది కాదు. రంపం పళ్ళ గీతలు, పెన్సిలు గుర్తులు, ఎండి నల్లబడ్డ జిగురు. కింద కాలితో తొక్కే చెక్క ఒకటి. తొక్కితే తాడు లాగుతుంది, చెయ్యి లేస్తుంది, చివరనున్న చెంచా గిన్నెలోంచి నోటి దగ్గరికి వస్తుంది. దారిలో చెంచా ఒలికిపోకుండా ఉండటానికి ఆ పిల్ల చెక్క పొడవునా ఒక వంకర గాడి చెక్కింది. గాడిలో చిన్న మేకు జారుతూ చెంచాను వాలకుండా నిలుపుతుంది. ఆ వంకర ఎంత ఉండాలో తెలియడానికి ఎన్ని చెక్కలు పాడుచేసిందో మాస్టారుకే తెలుసు. ఆయన ఒక్కసారి కూడా ఉలి అందుకోలేదు.

ప్రదర్శనకు ముందు శనివారం నానమ్మను చక్రాల కుర్చీలో పని గదికి తోసుకొచ్చారు. గిన్నెలో జావ పోశారు. ముసలావిడ ఎడమకాలితో తొక్కింది. చెంచా లేచి గడ్డానికి తగిలింది.

"నోరు ఇంకాస్త పైనుంటుందే మేస్త్రీ. నానమ్మ మొహం మర్చిపోయావా?"

పిల్ల తాడు బిగించింది. రెండోసారి చెంచా నేరుగా పెదవుల దగ్గర ఆగింది. ముసలావిడ తాగింది. మళ్ళీ తొక్కింది. సరిపోయిందా అని కోడలు అడగబోతే తల అడ్డంగా ఊపింది.

"మాట్లాడించకు. నన్ను తిననీ."

గిన్నె ఖాళీ అయ్యేదాకా కాలు ఆపలేదు.

తండ్రి రాలేదు. అతను ఫర్నిచర్ పాలిష్ చేసే పనివాడు. పిల్ల ముందురోజే అడిగింది.

"నాన్నా, రేపు రావా? ఒక్క గంట."

"పొద్దస్తమానం చెక్క వాసనలోనే ఉంటానే అమ్మలూ. సెలవు దొరికినా చెక్క వాసనేనా? ప్రదర్శన రోజు చూస్తాలే."

శనివారం సాయంత్రం అతని తల్లి కూడా చెప్పింది. "చూడాల్సిందిరా. నేనే తిన్నాను." కొడుకు నవ్వి, "అంతా ఒకేసారి చూస్తానమ్మా," అన్నాడు. అతను తన తల్లిని, కూతురిని తక్కువ ప్రేమించే మనిషి కాడు. ఈ కథలో జరిగిందంతా ఆ ప్రేమవల్లే జరిగింది.

ప్రదర్శన ముందురోజు పిల్ల చెక్క చెయ్యిని పాత దుప్పటిలో చుట్టి ఇంటికి తెచ్చుకుంది. తెల్లవారగానే తండ్రి లేచి దుప్పటి విప్పి చూశాడు. అతని మనసు చివుక్కుమంది. అందరి పిల్లలూ తళతళలాడే బొమ్మలు తెస్తారు. తన కూతురు, పాలిష్ పనివాడి కూతురు, ఈ గరుకు చెక్క పట్టుకుని వాళ్ళ మధ్య నిలబడాలా? చప్పుడు చేయకుండా దాన్ని ఎత్తుకుని షాపుకు వెళ్ళాడు.

వడ్రంగి చేసి పంపిన దానిలో మేకు గుంట ఉన్నా, చెక్క పగిలినా, సందు ఉన్నా పూడ్చడమే అతని పని. రంపపు పొట్టు, జిగురు కలిపి లప్పం చేశాడు. కనిపించిన ప్రతి గుంటనూ నింపాడు. పొడవాటి వంకర గాడి దగ్గర ఆగి, "పాపం, చెయ్యి తిరగని పిల్ల, ఉలి జారినట్టుంది," అనుకున్నాడు. దాని కొసన ఉన్న మేకు కూడా పొరపాటున దిగిందే అనుకున్నాడు. దాన్ని మరింత శ్రద్ధగా నింపి, ఆరాక ఉప్పుకాగితంతో రుద్ది, పైన పాలిష్ పట్టించాడు. టీ కూడా తాగలేదు. ఇన్నేళ్ళలో అంత మనసుపెట్టి చేసిన పని ఇంకొకటి లేదు.

పిల్ల లేచి వెతుక్కుంటుంటే నానమ్మ చెప్పింది. "మీ నాన్న పట్టుకెళ్ళాడే. మురిసిపోతూ వెళ్ళాడు. కంగారుపడకు."

బడిలో తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద చెక్క చెయ్యి అద్దంలా మెరుస్తోంది. తండ్రి పక్కనే నిలబడి ఉన్నాడు, గోళ్ళల్లో ఇంకా పాలిష్ మరకలు.

"ఎలా ఉందమ్మలూ?"

పిల్ల దగ్గరికి వచ్చింది. వేలితో చెక్కను మెల్లగా తడిమింది. వేలు ఎక్కడా ఆగలేదు.

"నాన్నా, ఇక్కడ గాడి ఉండాలి."

"ఉండేదే, వంకరగా. పూడ్చేశాను. ఇప్పుడు వెతికినా కనపడదు."

పిల్ల అతని మొహంలోకి చూసి ఊరుకుంది. మాస్టారు వచ్చి చూసి, మేకు కోసం వేలితో వెతికాడు. అప్పటికే కమిటీ పక్క బల్ల దాకా వచ్చేసింది. నానమ్మను కుర్చీలో తెచ్చి గిన్నె ముందు పెట్టారు. ఏం జరిగిందో ఆవిడకు తెలియదు. కాలితో తొక్కింది. చెయ్యి కదల్లేదు.

"నిన్న కాస్త బాగా తిన్నానులే, బలంగా తొక్కుతాను," అని మళ్ళీ తొక్కింది. లోపల ఏదో పుటుక్కుమంది. తాడు వదులుగా వేలాడింది.

కమిటీ పెద్దమనిషి ఒకాయన చెక్క నిమిరాడు. "ఎంత నున్నగా ఉంది. ఎదురు కొట్లోదేనా?"

"కాదండీ, నేనే చేశాను. నిన్నటిదాకా పనిచేసింది."

"అందరిదీ నిన్నటిదాకా పనిచేస్తుందమ్మా," అని ఆయన నవ్వాడు. చెడ్డగా నవ్వలేదు.

"నేను కళ్ళారా చూశాను," అన్నాడు మాస్టారు. ప్రధానోపాధ్యాయిని తల దించుకుంది. సాయంత్రం అందమైన వస్తువుకు ఇచ్చే మొదటి బహుమతి ఆ చెక్క చేతికి ప్రకటించారు. వేసవి తర్వాత పని గదిలో ఉలులు, రంపాలు గోనెసంచిలో కట్టి మూలన పడేశారు. గోడ దగ్గరి నాలుగు కుర్చీలు పరీక్షల తరగతి పిల్లలకు పనికొచ్చాయి.

తండ్రికి సంగతి తెలిసింది ఇంటికి వచ్చాకే. అతను ఉలి తెచ్చి గాడిలోని లప్పం తవ్వబోయాడు. మెరుగు పెట్టడం వచ్చిన చేతికి చెక్కడం రాదు. చెక్క నిలువునా చీలింది.

"మళ్ళీ చేద్దామే. నేను పక్కనే కూర్చుంటాను. ముట్టుకోను," అన్నాడు.

"వద్దు నాన్నా. పరీక్షలున్నాయి."

కోపంగా అనలేదు. అన్నా బాగుండేది.

వానాకాలంలో ముసలావిడ మంచం పట్టింది. పని మానేసి కొడుకే తినిపించేవాడు. ఒకరోజు చెంచా పక్కకు నెట్టి, "నీ చేతికన్నా ఆ చెక్క చెయ్యే నయంరా. అది ఆగమంటే ఆగేది," అంది. అతను చెంచా గిన్నెలో పెట్టి ఆవిడ పెదవులు తుడిచాడు. ఆ నెలలోనే ఆవిడ పోయింది. చివరిదాకా ఇంకొకరు పెడితేనే తింది.

పరామర్శకు వచ్చిన మాస్టారు అరమీద చీలిన చెక్క చేతిని చూశాడు. ఇంకా మెరుస్తూనే ఉంది.

"నేనేం తప్పు చేశాను మాస్టారూ? పిల్ల బాగుండాలనే కదా," అన్నాడు తండ్రి.

మాస్టారు చెక్క చేతిని అందుకుని గాడి ఉన్న చోట వేలు పెట్టాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "బాగుండాలనే. కొట్టు ముందు నిలబడేవాళ్ళు కోరుకునేదీ అదే. మీరు పూడ్చిన గాడిలోనే మీ అమ్మాయి తెలివంతా ఉంది. ఒక్క శనివారం వచ్చి పక్కన కూర్చుని ఉంటే, ఆ మేకు అందులో జారడం చూసేవారు. చూసినవాళ్ళెవరూ దాన్ని పూడ్చరు. ఇది మిమ్మల్ని బాధపెట్టాలని చెప్పడం లేదు. చెప్పినా ఇప్పుడు గది లేదు."

ఆ తర్వాత షాపులో ఏ బల్ల వచ్చినా, ఏ బీరువా వచ్చినా, అతను సందు కనిపించగానే ఆగిపోయేవాడు. "ఇది కావాలనే ఉంచావా?" అని వడ్రంగిని అడిగేవాడు. "నీకు చాదస్తం ముదిరిందిరా బాబూ," అని తోటివాళ్ళు నవ్వేవారు.

మరుసటి ఏడు ప్రదర్శన వచ్చింది. తండ్రీకూతుళ్ళు గేటు ఎదుట కొట్టులో నిలబడ్డారు.

"ఏ తరగతి?" అన్నాడు కొట్టతను.

"పది. ఏదైనా ఫర్వాలేదు," అంది ఆ అమ్మాయి.

తండ్రి ఆమె పక్కనే ఉన్నాడు. ఇప్పుడు అతను ప్రతి శనివారం సెలవు పెట్టి తీరిక చేసుకుంటున్నాడు. పక్కన కూర్చుని చూడటానికి ఆ పిల్ల చేసే పనే లేదు.

పిల్లలు చేస్తున్న పనిని దిద్దడానికి చెయ్యి చాచేముందు ఒక్కసారి వాళ్ళ పక్కన కూర్చుని చూడండి. వాళ్ళు రమ్మని పిలిచే శనివారాలు ఎన్నో ఉండవు.