గడ్డి వాలిన వైపు

మధ్యాహ్నం గంజి తాగాక అందరూ పొయ్యి చుట్టూ కూర్చుని ఎండుగడ్డిని మెలిపెట్టేవారు. చెట్టన్నదే కనబడని ఆ మైదానంలో చలికాలమంతా అదే వంటచెరకు. ముసలి గున్‌హిల్డ్ పెట్టిన మెలి మండేదాకా విడిపోయేది కాదు. ఈమధ్య మాత్రం సగంలో ఆపి, చేతిలో ఉన్నదేమిటా అన్నట్టు చూస్తోంది.

"అమ్మా, కాఫీలో మళ్ళీ ఉప్పేశావు," అన్నాడు కొడుకు హాల్వర్. "దాహమేసి ఇంకో కప్పు తాగుతాననా?"

"నీకొద్దంటే ఆవుకి పొయ్యి. అది నీలా వంకలు పెట్టదు."

కోడలు సిగ్రి నవ్వలేదు. మంచు కరగ్గానే అత్తగారిని ఆడపడుచు ఇంటికి పంపేద్దామని పొద్దున్నే మొగుడితో అంది.

ఆ ఇల్లు పచ్చికతో సహా కోసుకొచ్చిన మట్టిపెళ్ళలు పేర్చి కట్టింది. పొయ్యి వేడికి లోపలి గోడల్లో గడ్డి మొలిచేది. ఇంటి మనుషులెవరు బయటికెళ్తే వాళ్ళున్న దిక్కుకి ఆ గడ్డి వంగేది, దూరం పోయేకొద్దీ ఇంకా వాలేది. అది చూసుకునే సిగ్రి మొగుడికి కంచం పెట్టేది.

పొద్దున ఎండ కాసి, ఉతికిన బట్టలు ఆరాయి. రెండింటికల్లా వాయవ్యం నుంచి మంచు తుఫాను వచ్చిపడింది. దూడలకి మేతేసి వస్తానని హాల్వర్ వాకిట్లో కట్టిన తాడు పట్టుకుని వెళ్ళాడు. దాని రెండో కొస ఉత్తరాన కొట్టానికి కట్టి ఉంటుంది. చాచిన చెయ్యి కనబడని ఆ తెల్లదనంలో తాడు వదలని మనిషే తిరిగొస్తాడు.

"అమ్మా, నాన్న బావి దగ్గరున్నాడు," అంది ఏడేళ్ళ కూతురు మారిట్, గోడ చూస్తూ.

"బావి దగ్గరేం పని?"

గడ్డి తూర్పుకి వంగి ఉంది. ముసలామె చేతిలోని మెలి జారిపోయింది.

"అటువైపు ఎండ బాగుందని కొట్టం దగ్గరి తాడు కొస విప్పి బావి గుంజకి కట్టాను," అంది. "బట్టలు ఆరేశాను. బట్టలు తీశాను. తాడు..."

సిగ్రి లేచింది. ఇనప పెనం, గరిటె పట్టుకుని తలుపు తెరిచి మోగించింది. గాలి ఎదురుగా కొట్టి ఆ మోతని ఇంట్లోకే తోసేసింది.

గడ్డి మెల్లగా దక్షిణానికి తిరిగింది.

"కొట్టం పక్కనే ఉంటుందనుకుని తాడు వదిలేశాడు," అంది సిగ్రి. ఇల్లు కూడా దాటేశాడు. దక్షిణాన ఇక ఇల్లూ లేదు, కంచే లేదు. గడ్డి మొనలు నేలని తాకబోతున్నాయి.

"అటువైపు కిటికీలోంచి కొట్టు," అంది గున్‌హిల్డ్. "గాలి అటే పోతోంది, మోతని మోసుకెళ్తుంది."

"దానికి మేకులు కొట్టేశాం అత్తయ్యా."

"అద్దమేగా."

పరుపుల మధ్య దాచి ఎంతో దూరం నుంచి తెచ్చుకున్న అద్దం. ముసలామె పీటెత్తి బద్దలు కొట్టింది. మంచు లోపలికి కొట్టి పొయ్యి కొడిగట్టింది. కోడలి చేతిలోంచి పెనం లాక్కుని కొట్టడం మొదలుపెట్టింది. సిగ్రి బయటికి చేతులు చాచి నిలబడింది.

"మారిట్, లేస్తోందా?"

"లేదమ్మా."

చాలాసేపు లేదమ్మా అనే అంది. తర్వాత, "లేస్తోంది," అంది.

మంచు గడ్డకట్టిన చేతితొడుగొకటి కిటికీ అంచుని పట్టుకుంది. సిగ్రి మొగుణ్ణి లోపలికి లాగి, కిటికీకి దుప్పటి కట్టి, పొయ్యి ఎగదోసింది. పెనం మోత మాత్రం ఆగలేదు.

"వచ్చేశాడు అత్తయ్యా. ఇక ఆపండి."

"ఎవరు?" అంది ముసలామె.

సిగ్రి గోడకేసి చూసింది. అందరూ ఇంట్లోనే ఉన్నారు. గడ్డి నిటారుగా నిలబడలేదు. నాలుగు గోడల్లోదీ గున్‌హిల్డ్ కూర్చున్న వైపుకి, నేలని తాకేంతగా వాలి ఉంది.

సిగ్రి పెనం అందుకుని ఆమె ఎదురుగా కూర్చుంది. మెత్తగా, ఒక్కో దెబ్బే, కొట్టడం మొదలుపెట్టింది.

"మారిట్, చూస్తున్నావా?"

"చూస్తున్నానమ్మా. కొంచెం లేచింది."

ఆ ఏడు మంచు కరిగింది. ఆడపడుచు ఇంటికి బండి కట్టలేదు. పెనం మాత్రం పొయ్యి పక్కనే, చేతికందేలా వేలాడుతుండేది.