కర్రకి దగ్గు తగ్గేదాకా

పొద్దున్నే షెడ్డు తీయగానే మన్మథరావు చేసే మొదటి పని ఉలులు నూరడం. సానరాయి మీద నాలుగు చుక్కల నీళ్లు చల్లి, ఉలి వాలు చెడకుండా నెమ్మదిగా తోస్తాడు. బొటనవేలి గోరు మీద ఆన్చితే జారకుండా నిలవాలి, అప్పుడే పదునొచ్చినట్టు. చిత్రికని బల్ల మీద పక్కకి పడుకోబెడతాడు తప్ప బ్లేడు కిందకి ఆన్చి పెట్టడు. అలా పెట్టినవాడితో ఆ పూటకి మాట్లాడడు. ఈలోగా షెడ్డు వెనక పేర్చిన కర్రలు ఒక్కొక్కటే లేచి దగ్గడం మొదలెడతాయి.

పచ్చి కర్ర దగ్గుతుంది కదా. సామిల్లు నుంచి కోసి తెచ్చిన కొత్తలో గట్టిగా దగ్గుతుంది, ఆరేకొద్దీ చిన్నగా, పూర్తిగా ఆరిన రోజున మానేస్తుంది. నర్సీపట్నంలో తలుపో మంచమో చేయించుకున్న ప్రతివాళ్లకీ ఇది తెలిసిందే. పెదబొడ్డేపల్లి వైపు పోయేవాళ్లు సైకిలు ఆపి, "ఏటండీ మన్మథరావు గారూ, మా మద్ది కర్రకి దగ్గు తగ్గిందేటి?" అని అడిగి పోతుంటారు.

"గాలే దానికి మందు," అంటాడు ఆయన. "ఇటికల మీద ఎత్తుగా పేర్సాలి. పలకకీ పలకకీ మధ్యన బద్దీ ఎట్టాలి. సివర్లకి రంగు పుయ్యాలి. బేగి ఆరాలని ఎండలో పడీసేరంటే దగ్గు తగ్గదు సరికదా, కర్ర పగిలిపోద్ది."

షెడ్డుని ఆనుకునే ఉన్న మన్మథరావు ఇంటికి లోవలక్ష్మి కోడలుగా వచ్చింది తొంభై ఆరులో. మొగుడు వాసు కృష్ణదేవిపేట రూట్లో షేర్ ఆటో తోలతాడు. మామగారు ఇంట్లోకి వచ్చేముందు గుమ్మం బయట ఒకసారి దగ్గుతారు, కోడలు లేచి కొంగు సర్దుకుని నిలబడాలి. అది ఆ ఇంటి పద్ధతి. బాగానే ఉంది గానీ, పెరట్లో నలభై పలకలున్న ఇంట్లో కొత్తకోడలి అవస్థ ఎవరికి చెప్పుకోవాలి? దగ్గు వినపడిందల్లా లేచింది పాపం. రోటి దగ్గర లేచింది, పొయ్యి దగ్గర లేచింది, ఒకరోజు మధ్యాహ్నం లోపల పదిహేడుసార్లు లేచింది. అత్తగారు సోమలమ్మ నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, "ఓలమ్మా, అది టేకు. మీ మావ ఇంకా బజార్లోనే ఉన్నాడు, కూకో," అంది.

ఇంక లేవలేక, కేవలం మోకాళ్లు కాపాడుకోవడం కోసం, లోవలక్ష్మి దగ్గులు నేర్చుకుంది. టేకుది పొడిదగ్గు. పనసది కఫం పట్టిన దగ్గు. మద్దిది చుట్ట కాల్చే ముసలాడి దగ్గు. మూడేళ్లలో వంటింట్లోంచే ఏ వరసలో ఎన్నో పలక దగ్గిందో చెప్పగలిగే స్థితికి వచ్చింది. చెప్పమని అడిగినవాళ్లు మాత్రం లేరు.

తొంభై తొమ్మిది శ్రావణంలో కోటవురట్ల రైతు తాతాజీ గృహప్రవేశం. పనస తలుపు మన్మథరావే చేశాడు. పంపేముందు దాని మీద చెవి పెట్టి, "తగ్గిపోయింది, పట్టుకెల్లండి," అన్నాడు. పెరట్లో దగ్గుల మధ్య బేరం వాళ్లకి తెలియలేదు గానీ, వంటింట్లో ఉన్న లోవలక్ష్మికి నడిమి పలక దగ్గు స్పష్టంగా వినిపించింది. ముప్పై ఏళ్లు పనిచేసిన మామగారికి, అందునా బేరం వాళ్ల ముందు, తప్పని చెప్పడం ఎలా అని నోరు మూసుకుంది.

మూడోరోజున తలుపు ఎడ్లబండి మీద తిరిగొచ్చింది, కోటవురట్ల నుంచి దారి పొడుగునా దగ్గుకుంటూ.

"ఆన పడ్డాది, ఉబ్బిపోయిందండి," అన్నాడు తాతాజీ. కోపం కన్నా బాధే ఎక్కువుంది ఆయన గొంతులో. "అయిదుగురం తోసేం. ఊహూ. మా అమ్మ పాలగిన్నె పట్టుకుని ఆనలో నిలబడిపోయిందండి. ఆఖరికి పెరటి గుమ్మంలోంచి ఎల్లేం. సొంతింట్లోకి దొంగల్లాగ."

మన్మథరావు తలుపుని బండి మీంచి దింపించుకున్నాడు. ఆ సాయంత్రం ఉలులూ, రంపాలూ, చిత్రికలూ నూనెగుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టి తాళం వేశాడు. సోమవారం సాటి వడ్రంగి మత్స్యలింగం మేస్త్రి వచ్చి పెట్టె కొనుక్కుని పట్టుకెళ్తాడని, షెడ్డు మూసేస్తున్నానని ఇంట్లో చెప్పాడు. సోమలమ్మ అన్నం ముందు కూర్చుని ఏడ్చింది.

మర్నాడు పొద్దున్న లోవలక్ష్మి షెడ్డులోకి వెళ్లింది. మామగారు పెట్టె మీద కూర్చుని ఉన్నాడు.

"తప్పు నాది మావయ్యా. ఆ తలుపు దగ్గడం నాకు ఇనపడింది. సెప్పలేదు."

"నాకు ఇనపళ్లేదమ్మా," అన్నాడు ఆయన. "రెండేళ్లయింది. సామిల్లు హోరుకి సెవులు దెబ్బతిన్నాయి, మాటలు అందుతాయి గానీ కర్ర దగ్గు అందదు. ఇనపడ్డం నేదని ఎవరికి సెప్పను? సేత్తో బరువు సూసి నెట్టుకొస్తన్నాను."

ఆయన సిగ్గుపడుతున్నాడని తెలిసి ఆమె దగ్గరికి జరిగింది. "నాకన్నీ ఇనపడతాయి," అంది. "ఇప్పుడు దగ్గింది టేకు, కింద నుంచి మూడోది. దాని పైది మానీసింది."

మన్మథరావు పెట్టె తాళం తీశాడు. కింద నుంచి మూడో పలకని బయటికి లాగి, ఉలితో కొంచెం పొట్టు లేపి బుగ్గకి ఆన్చుకున్నాడు. చల్లగా తగిలింది, పచ్చిదే. దాని పైదాని పొట్టు వెచ్చగా, పెళుసుగా ఉంది. అలా పదకొండు పలకలు చూశాడు. కోడలు ఒక్కటీ తప్పు చెప్పలేదు.

సోమవారం వచ్చిన మత్స్యలింగం టీ తాగి ఉత్తచేతులతో వెళ్లాడు.

తలుపు ఊడదీసి, పనస పలకల్ని మళ్లీ నీడలో పేర్చారు. తాతాజీ మాఘం దాకా గడువిచ్చాడు, లేదంటే విశాఖపట్నం నుంచి రెడీమేడ్ తలుపు తెచ్చుకుంటానన్నాడు. లోవలక్ష్మి రోజూ వినేది, మన్మథరావు తగ్గిందా అన్నట్టు రోజూ ఆమె మొహం చూసేవాడు. వినడంతో ఆగలేదు. గరుకు కాగితం కర్ర నార సాగిన వైపే రుద్దాలనీ, వార్నిష్ ఒకేసారి దట్టంగా కాకుండా పల్చగా మూడుసార్లు వేయాలనీ నేర్పాడు. "తలుపుకి ఆరు మొకాలుంటాయి. అడుగంచు ఎవడికీ కనపడదని ఒగ్గీసేవంటే, ఆన నీరు అక్కడినుంచే ఎక్కుద్ది," అన్నాడు. అడుగంచుకి ఆమే నాలుగోసారి కూడా వేసింది.

మాఘంలో తాతాజీ వాళ్లమ్మని వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడ తలుపు మీద చెవి పెట్టి, కళ్లు మూసుకుని, చాలాసేపు విని, "నిద్దరోతంది," అంది. తలుపు బిగించిన రోజున ఆవిడ ముందు గుమ్మంలోంచే ఇంట్లోకి వెళ్లింది, ఈసారి చిటికెన వేలితో తోసి.

ఆ వారంలోనే ఒక పొద్దున్న లోవలక్ష్మి షెడ్డులో కూర్చుని, పాదాలతో టేకు పలక నొక్కిపట్టి చిత్రిక పడుతోంది. బజారు నుంచి వచ్చిన మన్మథరావు గుమ్మం బయట ఆగి అలవాటుగా దగ్గాడు. ఆ దగ్గు ఎవరిదో ఆమెకి తెలుసు. చేయి ఆపి, కొంగు అందుకుంటూ లేవబోయింది.

"లేవకమ్మా," అన్నాడు ఆయన. "సిత్రిక మధ్యలో ఆపితే కర్ర మీద గీత పడిపోద్ది."

ఆమె కూర్చుని, పలక ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తోసింది. ఆయన చెప్పులు విప్పి, పొట్టు మీద అడుగు పడకుండా, పక్కనుంచి లోపలికి వచ్చాడు.