రెండు మొకాల ఆటో

ముందుగాల ఒక మాట ఒప్పుకుంట: ఈ ఆటో నేనైతే ఎక్కకపోదును. ఇంజినీరింగ్ చదివిన రూప, వాళ్ల బాపు డానియేలుకున్న ఒక్కగానొక్క ఆటోకి వెనక గూడ హ్యాండిల్, బ్రేకు పెట్టింది. దబీర్‌పురా గల్లీలల్ల బండి తిప్పే జాగ ఉండదు గదా, తిప్పకుంటనే వెనకదిక్కు గూడ నడపాలని.

మొదటి రోజే గల్లీల నీళ్ల ట్యాంకర్ ఎదురొచ్చింది. డానియేలు దిగి, వెనక సీట్ల కూసున్నడు. పక్కన నిలబడ్డ రూపకు అప్పుడు యాదికొచ్చింది, వెనకంత ఉతారే, గిట్ల కిందికి దిగే దారిల వెనక బ్రేకు పట్టి చూడనేలేదని. ఆటో పోతే ఇల్లెట్ల నడవాలె?

"బాపూ, జర మెల్లగ!"

బండి జర్రున జారి, పూలబండికి జానెడు దూరంల ఆగింది.

డానియేలు చెమట తుడుసుకున్నడు. "మస్తుంది బిడ్డా. రేపటిసంది నువ్వు గూడ ఎక్కు. ఫికర్ నాకొక్కనికే ఎందుకు?"

మీ ఇండ్లల్ల గిట్లాంటి బండ్లు ఎవరు చేసిన్రో, పాపం ఎవరు ఎక్కిన్రో, జర చెప్పున్రి.