విత్తనానికి పనికిరాని ఈగలు

విత్తనం ఎంచడంలో భూమన్నకు నారాయణఖేడ్ చుట్టుపక్కల పేరుంది. జొన్న కంకుల్లో బలిసినవి దాస్తాడు, పీలవి నిర్దయగా పక్కకు నెట్టేస్తాడు. ఆ అలవాటే తొంభైల చివర ఒక మాఘమాసంలో కూతురి కొంప ముంచింది.

కూతురు నీలమ్మ హైదరాబాదులో పండుఈగల మీద పరిశోధన చేస్తోంది. అక్కడి ప్రయోగశాలలో సీసాలకు పురుగు పట్టి ఈగలు చచ్చిపోతే, బతికి మిగిలిన రెండు సీసాలను బస్సులో ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చింది. ఒకదాంట్లో మామూలువి, రెండోదాంట్లో ఎంతకీ పెరగని బుడ్డవి. ఆమె సిర్గాపూర్‌లో పిన్నిని చూసి వచ్చేసరికి రెండో సీసా ఖాళీ.

"బుడ్డయి ఇడిసిపెట్టిన బిడ్డా. అయి విత్తనానికి పనికిరావు. మంచియి ఉంచిన," అన్నాడు భూమన్న, గొప్ప సాయం చేసినవాడిలా.

నీలమ్మ కూలబడి ఏడ్చింది. "నా మూడేండ్ల చదువు గవే నాయినా! తిండి దొరికితే ఆ కబురు ఒంట్ల కణకణానికీ అందాలె. అందితేనే లోపల మాంసకృత్తులు తయారైతయ్, ఒళ్లు పెరుగుతది. గా బుడ్డయిట్ల కబురు నడుమనే ఆగుతది. యాడ ఆగుతదో గదే నేను ఎతుకుతున్న."

"అంటే కడుపు నిండినా ఒంటికి తెల్వదా?"

"తెల్వది."

భూమన్నకు ఆ పూట ముద్ద దిగలేదు. తెల్లారగానే అంగడికి పోయి, కుళ్లిన జామపళ్ల మీద మూగిన ఈగల్లో బుడ్డవాటిని ఏరి పట్టుకొచ్చాడు. "నీయేనా, సూడు."

"ఆకలితోని పెరిగినయి గూడ గిట్లనే ఉంటయ్. ఈటికి పుట్టే పిల్లల్ని కడుపునిండ మేపి సూడాలె. అప్పుడు గూడ బుడ్డగుంటే నాయి. బలిస్తే ఉత్త ఊరి ఈగలు."

భూమన్నే మేపాడు. జొన్నపిండి, బెల్లం ఉడికించి, పైన కల్లు మడ్డి వేశాడు. బుడ్డగానే ఉండాలని పోచమ్మకు మొక్కాడు. పంట పీలగా రావాలని మొక్కిన రైతును ఎవరైనా చూశారా? సిగ్గుతో ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

రెండు వారాలకు కొత్త ఈగలు వచ్చాయి. అన్నీ పెద్దవే, నిగనిగలాడుతున్నాయి. నీలమ్మ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"ఊరియి నాయినా. ఇగ ఇడిసిపెట్టు," అని లోపలికి వెళ్లిపోయింది.

భూమన్న విడిచిపెట్టలేదు. ఒక్క పీలదైనా కనిపిస్తుందేమోనని సీసాను ఎండకు పట్టి తిప్పుతూనే ఉన్నాడు.