హస్తవాసి

మందుల దుకాణం పైన ఉన్న చిన్న గదిలో అక్క చేసే వైద్యమల్లా చేతులు పెట్టడమే. తాకీ తాకనట్టు అరచేతులు ఆనించి, కళ్లు మూసుకుని మెల్లగా మాట కలుపుతుంది. అంతకుముందే బల్ల కింద దాచిన వేడినీళ్ల సంచి మీద చేతులు కాచుకుంటుందని ఎవరికీ తెలియదు. వచ్చినవాళ్లు నడుంనొప్పితో మొదలుపెట్టి అత్తగారి దాకా అన్నీ వెళ్లబోసుకుంటారు. తమ గోడు ఒకరు ఓపిగ్గా విన్నారన్న తృప్తికే సగం నొప్పి పోతుంది. ఆ సంగతి తెలిసే, అక్క ఆ పేరంతా తన చేతులకు కట్టబెట్టింది. అందులో తప్పుందని ఆమెకెప్పుడూ తోచలేదు, చెల్లెలు రొమ్ములో గడ్డతో వచ్చేదాకా.

వేళ్లకు గడ్డ రాయిలా తగలగానే అక్క మూసుకున్న కళ్లు తెరిచేసింది.

"లే, డాక్టరు దగ్గరికి పోదాం."

"నువ్వుండగా డాక్టరెందుకే? చేత్తో తీసేసినట్టు పోయింది నొప్పి. వాళ్లయితే కోస్తారు. పిన్నిని కోశారుగా, ఇంటికొచ్చిందా?"

అక్క బతిమాలింది, తిట్టింది. చివరికి సిగ్గు విడిచి వేడినీళ్ల సంచి తీసి ముందు పడేసింది.

"ఇదే నా శక్తి. ఇంకేం లేదు, నీ మీద ఒట్టు."

చెల్లెలు పడీ పడీ నవ్వింది. "నన్ను ఆస్పత్రికి తోలడానికి ఎన్ని వేషాలే నీకు!"

ఊరందరినీ నమ్మించిన మనిషికి ఒక్కదాని నమ్మకం చెరపడం చేతకాలేదు. ఈలోగా గడ్డ పెరిగింది, పైన చర్మం సొట్టపడింది. అక్కకు అన్నం సహించడం మానేసింది. తన చేతులు చూసుకుంటేనే అసహ్యం వేసేది.

ఒకనాడు చెల్లెలి మీద చెయ్యి పెట్టి, షాక్ కొట్టినట్టు వెనక్కి లాక్కుంది.

"పోయిందే! నా శక్తంతా నీ గడ్డ లాగేసుకుంది. ఇక నా వల్ల కాదు."

నిజం చెబితే నవ్విన చెల్లెలు ఈ అబద్ధాన్ని ఇట్టే నమ్మింది. మొహం పాలిపోయింది. ఇన్నాళ్లూ అణిగి ఉన్న నొప్పి అప్పటికప్పుడే లేచి కూర్చుంది. "ఆస్పత్రికి తీసుకెళ్లు" అని తనే అడిగింది.

అద్దెకారు సగం దారిలో ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. వెనకసీట్లో చెల్లెలు లుంగచుట్టుకుపోయింది.

"అక్కా, ఒక్కసారి చెయ్యి పెట్టవే. శక్తి లేకపోయినా పర్లేదు. ఒక్కసారి."

పెడితే తగ్గుతుందని అక్కకు తెలుసు. తగ్గిందంటే కారు వెనక్కి తిప్పమంటుందనీ తెలుసు. రెండు చేతులూ తొడల కింద అదిమిపెట్టుకుని బిగుసుకు కూర్చుంది.

డ్రైవరు అద్దంలోంచి చూసి ఉండబట్టలేకపోయాడు. "ఏం మనిషివమ్మా? ఆవిడంతలా అల్లాడిపోతుంటే చెయ్యైనా వెయ్యవా?"

"నువ్వు పోనివ్వు బాబూ" అంది అక్క, వెక్కుతూ.