పైపొర

మట్టి పరీక్షల గదిలో పాతికేళ్లుగా పనిచేస్తున్న ఆ పెద్దమనిషిని అందరూ మట్టి మాస్టారు అంటారు. ఆ పిలుపు ఆయనకు ఇష్టం. నలుగురిలో గట్టిగా పిలిస్తే మరీ ఇష్టం. రైతు తెచ్చిన పొట్లం విప్పకముందే గంభీరంగా తల పంకించడం ఆయన అలవాటు. దానికి చదువు అక్కర్లేదని తనకు తెలుసు. ఎదుటివాళ్లకు తెలియదన్న ధీమాతోనే ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాడు.

ఆయనకూ చెల్లెలికీ ఉమ్మడిగా మూడెకరాలున్నాయి. పన్నెండేళ్ల కిందట అందులో బోరు వేయించింది ఆయనే. నీళ్లు ఉప్పగా ఉన్నాయని చెల్లెలు అంటే, "ఉప్పులేని కూర నువ్వు తింటావా? మొక్కకీ కాస్త రుచి ఉండాలిగా!" అని నవ్వేశాడు. ఆ హాస్యానికి ఆ రోజు తనే ఎక్కువ మురిసిపోయాడు.

మొదట చిక్కుడాకుల అంచులు మాడాయి. విత్తనం మంచిది కాదన్నాడు. తర్వాత మొక్కజొన్న మోకాలు దాటలేదు. ఎండలు ముదిరాయన్నాడు. ఆపైన నీళ్లు పెడితే ఇంకకుండా నిలిచిపోయేవి, ఆరాక నేల పెచ్చులు కట్టేది. దున్నేవాడికి పని రాదన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఆయన నిందించనిది తన బోరొక్కటే.

తమ పొలం మట్టికి పరీక్ష మాత్రం ఏటా చేసేవాడు. ఏటా నేల భేషుగ్గా ఉందనే వచ్చేది. ఆ కాగితాలు నమ్మి చెల్లెలు పట్నంలో ఉద్యోగం మానేసి, నాలుగు వందల నిమ్మ మొక్కలు తెప్పించింది. నిమ్మ ఉప్పుకు తట్టుకోదని ఆయన ఊరందరికీ పాఠం చెప్పినవాడే.

మొక్కలు దిగిన ఉదయం ఆయన పొలానికి వెళ్లేసరికి ఆమె మొదటి గుంత పక్కన కూర్చుని ఉంది.

"అన్నయ్యా, నేలమీద ఈ తెల్లదేంటి?"

సున్నం, మంచిదే అన్న అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె చేతిలో మొక్క చూసి మింగేశాడు.

"ఉప్పు. ఆ మొక్క కింద పెట్టు. ఇక్కడ బతకదు."

మిగతాదీ చెప్పేశాడు. మట్టి తీసేముందు పైనున్న ఆకూ అలమూ తీసేయాలన్నది పద్ధతి. ఆయన వాటితోపాటు ఆ తెల్లటి పొరనూ పారతో గీకి గట్టవతల పోసేవాడు. మొదటి ఏడు అది పొరపాటే. రెండో ఏటి నుంచి తెలిసే చేశాడు. నా బోరే నా నేలను చంపుతోందని నా చేత్తో ఎలా రాయను, అనుకున్నాడు.

తిట్లకు సిద్ధపడి తల వంచుకున్నాడు. ఆ వంచడంలోనూ కాస్త దర్జా ఉండేలా చూసుకున్నాడు.

ఆమె తిట్టలేదు. చేతిలోని మొక్కను గుంత పక్కన పెట్టింది.

"మొక్కలు వెనక్కి పంపించేస్తాలే. మట్టెలా తియ్యాలో రైతులకి చూపించేది నువ్వేగా?"

"ఆఁ."

"ఇలాగేనా? తెల్లదంతా గీకేసి?"

ఆయనకు సాకు కోసం వెతుక్కునే అలవాటుంది. ఈసారి వెతక్కుండానే తలూపాడు.

"ఎంతమందికి, అన్నయ్యా?"

వేళ్లు మడవబోయి ఆగిపోయాడు.

"వచ్చినవాళ్లందరికీ," అన్నాడు.